మోడల్ హౌస్‌లో అన్నం డబ్బా

చీకటి పడ్డాక ఆ ఇంటివైపు ఎవరూ వెళ్ళరు.

మామిడిపల్లి దాటి మహేశ్వరం దారిలో పోతుంటే, విమానాశ్రయం ప్రహరీకి ఇవతల, సగంలో ఆగిపోయిన వెంచరు ఒకటి ఉండేది. భూముల ధరలు ఆకాశానికెక్కిన రోజుల్లో వేశారు, కోర్టు గొడవల్లో పడి వదిలేశారు. ప్లాట్ల హద్దురాళ్ళన్నీ సర్కారు తుమ్మ పొదల్లో కలిసిపోయాయి. మిగిలింది ఒక్కటే ఇల్లు. కొనేవాళ్ళకు చూపించడానికి కట్టిన మూడు గదుల మోడల్ హౌస్. అందులో ఎవరూ ఏనాడూ కాపురం ఉండలేదు. తలుపులూ, కిటికీ రెక్కలూ ఎవరో ఊడబీక్కుపోయారు.

ఎవరూ ఉండని ఆ ఇంట్లోంచి... పొద్దుగూకాక తాలింపు వాసన వచ్చేదట.

ముందు వాసన. తర్వాత గిన్నె మూత చప్పుడు. ఆ తర్వాత ఎవరో ఆవురావురుమంటూ తింటున్న చప్పుడు.

విమానాలు దిగేది సరిగ్గా ఆ ఇంటి నెత్తిమీద నుంచే. దిగేటప్పుడు వాటి లైట్లు ఒక్క క్షణం ఇల్లంతా పరుచుకుంటాయి. ఆ వెలుగులో, వంటగది గట్టు పక్కన ఒక ఆకారం గొంతుక్కూర్చుని కనపడేదట. విమానం పోయాక చూస్తే — ఏమీ ఉండేది కాదట.

ఇన్ని ‘అట’లు ఎందుకంటే, ఇదంతా నేను విన్నదే కానీ చూసింది కాదు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నాకు నమ్మకం ఉన్నది మూలాల మీద.

ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. రిటైరయ్యాక నేను అందులో పడ్డాను. జీతం లేదు, పేరు లేదు, ఇంట్లో మర్యాద అంతకన్నా లేదు. ఎవరు ఏ వాక్యం రాసినా, ఏ పుస్తకంలో ఉంది, ఏ పేపర్లో వచ్చింది అని అడిగి ప్రాణం తియ్యడమే నా పని. కుర్రకారు నాకు ‘మూలాల తాత’ అని పేరు పెట్టారు. నా ఎదురుగా మాత్రం ‘సార్’ అంటారులెండి.

మాతోపాటు రాసేవాళ్ళలో పూర్ణిమ అనే అమ్మాయి ఉంది. తెనాలి పిల్ల. ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో ఉద్యోగం, శంషాబాద్‌లో కిరాయి గది. మేమంతా ఆదివారం పూట నగరంలో ఒక లైబ్రరీ హాల్లో కలిసేవాళ్ళం. ఈ కథ నేను విన్నది ఆమె నోటనే. ఇందులో నాకున్న వాటా చివర్లో ఒక కాగితం ముక్క, అంతే.

ఆ అమ్మాయి 2011లో ఒక వ్యాసం మొదలుపెట్టింది — కుర్మయ్య అదృశ్యం కేసు.

కుర్మయ్య ఆ వెంచరుకు కావలివాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. తండ్రి లేడు, పెళ్ళి కాలేదు, ఉన్నదల్లా తల్లి ఈరమ్మ. 2010 వానాకాలంలో ఆ వెంచరులో, భూమి వదలనన్న ఒక రైతును కొట్టి చంపారు. మర్నాటి నుంచి కావలివాడు కనపడలేదు. చంపుతుంటే చూశాడు కాబట్టి అతన్నీ మాయం చేశారని జనం రోడ్డు మీద బైఠాయించారు. పేపర్లన్నీ రాశాయి. వెంచరు యజమాని మనుషుల మీదే అందరి అనుమానమూ. అనుమానమే తప్ప సాక్ష్యం లేదు. ఉన్న ఒక్క సాక్షీ లేడు.

పూర్ణిమ వ్యాసం బాగానే రాసింది. కానీ చివర్లో ఒక వాక్యం పెట్టింది — ‘అప్పటినుంచి ఆ ఇంట్లో దెయ్యం ఉందని స్థానికులు నమ్ముతారు’ అని.

నేను ఊరుకుంటానా? ‘ఏ స్థానికులు? ఎవరు చూశారు?’ అని వ్యాసం చర్చా పేజీలో గట్టిగా తగులుకున్నాను.

పూర్ణిమ కూడా తక్కువది కాదు, పట్టుకుంటే వదలదు. రోజూ తనను ఆఫీసు దగ్గర దింపే ఆటో ఎజాజ్‌ను అడిగింది. తాను చూడలేదని, పంక్చర్ షాపతను చెప్పాడని అన్నాడు. పంక్చర్ షాపతను పాలవాడి పేరు చెప్పాడు. పాలవాడు చాయ్ హోటల్ వాళ్ళను చూపించాడు. చాయ్ హోటల్‌లో మాత్రం సూటిగా జవాబొచ్చింది. కిందటేడు ఒక ముసలామె వచ్చి ఏడుస్తూ చెప్పిందట. ఎజాజ్‌ను మళ్ళీ అడిగితే అతనూ తల గోక్కుని, ఔనక్కా, ఆమె ఒకసారి నా ఆటోలో కూడా చెప్పింది అన్నాడు.

ఆ ముసలామె ఈరమ్మ. తప్పిపోయినవాడి తల్లి.

ఊరూవాడా చెప్పుకునే ఆ దెయ్యాన్ని నిజానికి చూసింది ఆ ఒక్క మనిషే. ఇది పూర్ణిమకు వింతగా అనిపించింది. అయినా ఆమె ఈరమ్మ ఇంటికి వెళ్ళలేదు.

ఎందుకంటే మా పనిలో ఒక విడ్డూరం ఉంది. బిడ్డ గురించి కన్నతల్లి చెబితే అది మూలం కాదు. ఆ మాటనే పేపరువాడు అచ్చువేస్తే మూలం. మనం కళ్ళారా చూసింది కూడా పనికిరాదు. అందుకని మా వాళ్ళెవరూ మనుషుల దగ్గరికి వెళ్ళరు, పేపర్ల దగ్గరికే వెళతారు. పూర్ణిమ కూడా అంతే. ఒక్కసారి ఈరమ్మ ఊరికి వెళ్ళి ఉంటే మొదటి గడపలోనే సంగతి తెలిసిపోయేది.

బొమ్మల విషయం వేరు. పేపర్లోంచి ఫొటో తీసి పెట్టకూడదు, మన చేత్తో తీసిందే పెట్టాలి. ఆ ఏడు డిసెంబరులో ఒక సాయంత్రం, మోడల్ హౌస్ ఫొటో కోసం పూర్ణిమ ఎజాజ్ ఆటోలో బయలుదేరింది. వెలుగుండగానే చేరాలనుకుంది. ఆఫీసు పని తెమలక ఆలస్యమైంది. మామిడిపల్లి దాటేసరికే మసక కమ్మేసింది.

మట్టిదారి మొదట్లో ఎజాజ్ ఆటో ఆపేశాడు.

“నేను రానక్కా. గీడ్నే ఉంట.”

“భయమా?” అని నవ్వింది పూర్ణిమ.

“భయమే. ఇంట్ల పిల్లలున్నరు నాకు. ఖసమ్ సే అక్కా, జల్దీ రా. ఎవరన్న పిలిస్తే పలకకు.”

ఆమె నవ్వుకుంటూనే నడిచింది. చేతిలో కెమెరా. రెండు పక్కలా తుమ్మ పొదలు. కాళ్ళ కింద ఎండుటాకులు గలగలమంటున్నాయి... దూరంగా విమానాశ్రయం దీపాలు ధగధగలాడుతున్నాయి కానీ, ఆ వెలుగు ఒక్క చుక్క కూడా ఇటు రావడం లేదు.

ఇల్లు కనిపించింది. ముందునుంచి ఒక ఫొటో తీసింది. ఇంకొకటి లోపల తీద్దామని గుమ్మం దాటింది.

అప్పుడు వచ్చింది వాసన.

ఎల్లిపాయ తాలింపు. చిక్కుడుకాయ కూర. ఇప్పుడే పొయ్యి మీద నుంచి దించినట్టు...

పూర్ణిమ అక్కడే నిలబడిపోయింది. పాడుబడ్డ ఇంట్లో కూర వాసన ఏమిటి? ఎవరో కుర్రాళ్ళు ఇక్కడ తాగి తింటున్నారు కాబోలు అని ధైర్యం చెప్పుకుంది. మెల్లిగా వంటగదిలోకి తొంగి చూసింది. మనుషుల్లేరు. పొయ్యి లేదు. నిప్పు లేదు, బూడిద లేదు.

గట్టు మీద, గుడ్డలో మూట కట్టిన స్టీలు డబ్బా ఒక్కటే ఉంది.

దాన్ని ముట్టుకోకుండా ఉండాల్సింది. కానీ చెయ్యి ఆగలేదు. గుడ్డ పక్కకు జరిపి వేలు ఆనించింది.

చుర్రుమంది! వేలు కాలింది. డబ్బా నిప్పులా కాలుతోంది.

“ముట్టకు బిడ్డా...”

వెనకగుమ్మం వైపు నుంచి గుసగుసలాడినట్టు వచ్చిందా మాట.

“గది నా కొడుకుది.”

పూర్ణిమకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెనకగుమ్మం అవతల, చీకట్లో, ఒక ముసలామె నిలబడి ఉంది. నెత్తి మీద కొంగు కప్పుకుని, ముడుచుకుపోయి ఉంది. గడప దాటి లోపలికి రాలేదు.

“మీరు... ఈరమ్మగారా?”

“ఔ.”

భయం సగం దిగిపోయింది పూర్ణిమకు. మనిషే. పేపర్లలో ఎన్నోసార్లు చదివిన మనిషి. చప్పున ఒక ఆలోచన వచ్చి ఒళ్ళు ఝల్లుమంది.

“అమ్మా... మీ అబ్బాయికి అన్నమా? అంటే కుర్మయ్య...”

“బతికే ఉన్నడు.” ముసలామె గొంతు ఇంకా తగ్గించింది. “గుట్టలకాడ క్వారీల, పేరు మార్చుకొని పనిజేస్తడు. పొద్దుగూకినంక గీడికొస్తడు, తింటడు, పోతడు. ఇంటికొస్తే సంపుతరు. ఇంటి మీద కన్నేసిండ్రు.”

“మరి ఈ దెయ్యం మాట...”

“నేనే పుట్టిచ్చిన. దెయ్యమున్నదంటే ఎవ్వలు రారు. నా కొడుకున్నడంటే అందరు ఒస్తరు.”

పూర్ణిమ డబ్బా వైపు చూసింది. నెల రోజులుగా తాను తవ్వి తీసిన మూలం ఇదన్నమాట. కొడుకును కాపాడుకోవడానికి తల్లి అల్లిన దెయ్యం కథ! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుండె మాత్రం కరిగిపోయింది.

“మీరు అతన్ని చూస్తారా అమ్మా, రోజూ?”

“వానికి అగుపడ. సూస్తే ఆగడు, నా ఎంబడే ఇంటికొస్తనంటడు. డబ్బా వెట్టి పోత. నా చేతి బువ్వ తింటెనే వానికి ధైర్యం.” రెండు చేతులూ జోడించింది. “నీ కాళ్ళు మొక్కుత బిడ్డా... నువ్వు రాసేదాంట్ల గీ ఇంటి ఫొటో వెట్టకు. దారి చెప్పకు.”

“పెట్టనమ్మా. ఒట్టు.”

“ఇగ పో. వాడొచ్చే యాళ్ళయింది.”

సరిగ్గా అప్పుడు నెత్తి మీద విమానం ఉరిమింది. లైట్లు ఇంట్లోకి వరదలా వచ్చాయి. ఆ వెలుగులో పూర్ణిమ ఒకటి చూసింది. ముసలామె చీర తడిసిపోయి ఉంది. కొంగు చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. డిసెంబరు నెల, చినుకన్నది పడి ఎన్నాళ్ళో అయింది... ఎక్కడైనా కాలువ దాటి వచ్చిందేమో అనుకుంది.

విమానం పోయింది. మళ్ళీ చీకటి. వెనకగుమ్మం దగ్గర ఎవరూ లేరు.

ఆకుల చప్పుడు కూడా లేదు.

పూర్ణిమ ముందుగుమ్మం దాటుతుండగా ఇంటి వెనక చప్పుడైంది. ఈసారి ఆకులు గలగలమన్నాయి. బరువైన అడుగులు... ఆమె గోడకు కరుచుకుపోయింది. ఊపిరి బిగబట్టి, కిటికీ ఉండాల్సిన కంతలోంచి చూసింది.

ఎవరో వంటగదిలోకి వచ్చారు. గట్టు పక్కన గొంతుక్కూర్చున్నారు. మూత తీసిన చప్పుడు. తర్వాత — ఆవురావురుమని తింటున్న చప్పుడు.

ఇంకో విమానం వచ్చింది. గడ్డం పెరిగిన మొహం, లోపలికి పోయిన కళ్ళు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. పేపర్లో అచ్చయిన ఫొటోలో ఉన్న గాటు అదే.

కుర్మయ్యే!

అతను తినడం ముగించి, సీసాలో నీళ్ళతో డబ్బా కడిగాడు. దాన్ని రెండు చేతులతో కళ్ళకద్దుకుని, గట్టు మీద బోర్లించి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పూర్ణిమ పడుతూ లేస్తూ రోడ్డు మీదికొచ్చింది. ఆమె మొహం చూసి ఎజాజ్ ఆటో స్టార్ట్ చేశాడు.

“ఏందక్కా? సూసినవా?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది.

“చూశాను ఎజాజ్. దెయ్యమే. చాలా చెడ్డ దెయ్యం. ఎవరినీ అటు పోనివ్వకు.”

అలా ఆ దెయ్యానికి రెండో సాక్షి తయారైంది.

ఆ తర్వాతి ఆదివారం నేను ఫొటో ఏదని అడిగాను. కెమెరా పాడైంది సార్ అంది. వెంచరు ఎక్కడుందో చెప్పే వాక్యాన్ని వ్యాసంలోంచి ఆమే తీసేసింది. ‘స్థానికులు నమ్ముతారు’ అన్న వాక్యాన్ని మాత్రం తీయనివ్వలేదు. ‘ఇప్పటివరకు ఆచూకీ తెలియలేదు’ అన్నది అలాగే ఉంచింది. కళ్ళారా చూసింది పనికిరాదన్న మా నియమం ఆ పిల్లకు మొదటిసారి అక్కరకొచ్చింది. ఇవన్నీ ఎందుకు చేసిందో నాకు అప్పుడు తెలియదు. ఈ కాలం పిల్లలకు బద్ధకమని విసుక్కున్నాను.

ఫొటో రాకపోయినా వ్యాసానికి ఇంకో మంచి మూలమైనా దొరకాలి కదా అని నేనే కదిలాను. జిల్లా పేపర్ల పాత సంచికలు ఇంటర్నెట్‌లో దొరకవు. లైబ్రరీలో దుమ్ము దులిపి, కట్టలు విప్పి చూడాలి. మిగతావాళ్ళకు దుమ్ము పడదు, నాకు అదే ఊపిరి. ఫిబ్రవరిలో ఒకనాడు ఆ కట్టల్లో చిన్న వార్త ఒకటి దొరికింది. జిరాక్సు తీయించి, ఆదివారం పూర్ణిమ ముందు పెట్టాను.

“చూడమ్మా, నీ వ్యాసంలో ఇది లేదు,” అన్నాను గర్వంగా.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

వార్త ఇదీ. అదృశ్యమైన కావలివాడు కుర్మయ్య తల్లి ఈరమ్మ మృతి. జోరువానలో మామిడిపల్లి మలుపు దగ్గర రోడ్డు పక్కన పడిపోయి ఉండగా ఎవరో దవాఖానకు చేర్చారు. జ్వరంతో రెండో రోజు పోయింది. కొడుకు జాడ లేకపోవడంతో ఊరివాళ్ళే దహనం చేశారు. పడిపోయి ఉన్నప్పుడు ఆమె చేతిలో అన్నం డబ్బా ఉందని చూసినవాళ్ళు చెప్పారు.

తేదీ చూశాను. 2011 ఆగస్టు. శ్రావణమాసం.

పూర్ణిమ ఆ ఇంటికి వెళ్ళింది డిసెంబరులో.

ఆ రోజే, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, ఆమె నాకు జరిగిందంతా చెప్పింది. “చీర తడిసి ఉంది సార్... నీళ్ళు కారుతున్నాయి...” అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. “నేను రాస్తానని ఆమెకెలా తెలుసు సార్? నేను చెప్పనేలేదు.” వేలు చూపించింది. చివరన కాలిన మచ్చ, నల్లగా, ఇంకా పోలేదు.

మామూలుగా అయితే నా దగ్గర జవాబులకు కరువు లేదు. చీకట్లో పొరపాటు పడ్డావనేవాణ్ణి. ఎవరో వేరే ముసలామె అనేవాణ్ణి. ఆ మచ్చ చూశాక మాత్రం ఒళ్ళు జలదరించింది, దాచుకోవడం దేనికి.

“ఇది వ్యాసంలో చేర్చాలి మరి,” అన్నాను చివరికి, అలవాటు కొద్దీ. “తేదీ ఉంది, పేపరుంది, గట్టి మూలం.”

“వద్దు సార్.” ఆమె నా చెయ్యి పట్టుకుంది. “అతను ఏ నెట్ సెంటర్లోనో చదివితే? అమ్మ వండి పెడుతోందనుకుంటున్నాడు సార్. ఆ డబ్బా చూసుకునే బతుకుతున్నాడు. తెలిస్తే ఇంటికి పరుగెత్తుతాడు. వాళ్ళు చంపేస్తారు.”

మూలాల తాత జీవితంలో మొదటిసారి ఒక మూలాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఏడాదికి పైగా అది నా సంచిలోనే ఉంది.

2013 ఎండాకాలంలో ఆ రైతు హత్య కేసు మళ్ళీ కదిలింది. చంపినవాళ్ళలో ఒకడు నోరు విప్పాడు. వెంచరు యజమానినీ, అతని మనుషులందరినీ ఒకేరోజు పట్టుకుపోయారు. రెండు రోజుల తర్వాత, పట్టపగలు, కుర్మయ్య ఊళ్ళోకి వచ్చాడు.

అరెస్టుల సంగతి విని వచ్చాడనుకున్నారు అందరూ. అతనికి ఆ సంగతే తెలియదు. నేరుగా తన ఇంటికి ఉరికాడు. లోపల గోడకు తల్లి ఫొటో, దానికి ఎండిపోయిన పూలదండ ఉన్నాయి. చూసి అక్కడే కూలబడిపోయాడట.

మర్నాడు పేపర్లో అతని మాటలు వేశారు. ఉన్నవి ఉన్నట్టు చెబుతున్నాను.

“ఇన్ని దినాలు మా అమ్మే అన్నం వెట్టింది. ఒక్కనాడు తప్పలే. మొన్న పొద్దుగూకి పోతే డబ్బా లేదు. నిన్న గూడ లేదు. అమ్మకేమన్నయిందో అని ఉరికొచ్చిన.”

డబ్బా ఆగిపోయింది, యజమాని జైలుకు పోయిన సాయంత్రం నుంచి.

ఆ రాత్రి నేనూ పూర్ణిమా చాలాసేపు ఫోన్లో మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నాం అనడమే కానీ, ఆ పిల్ల ఏడుస్తూ ఉంది, నేను వింటూ ఉన్నాను. ఇక దాచాల్సిన పని లేదని సంచిలోంచి పాత జిరాక్సు తీశాను. వ్యాసంలో రెండు వాక్యాలు చేర్చాను. ఈరమ్మ 2011 ఆగస్టులో మరణించింది. కిందనే, 2013లో తిరిగొచ్చేదాకా తల్లి రోజూ అన్నం పెట్టిందని కుర్మయ్య చెప్పాడు. రెంటికీ పేపరు పేరు, తేదీ.

రెండు మూలాలు పొసగనప్పుడు ఒకటి కొట్టేయకూడదు, రెండూ పక్కపక్కన పెట్టాలి. అది మా నియమం.

వారం తిరక్కుండా చర్చా పేజీలో ఎవరో కొత్త కుర్రాడు అడిగాడు. ‘అయ్యా, చనిపోయినామె రెండేళ్ళు అన్నమెలా పెడుతుంది? ఇందులో ఒకటి తప్పు. ఏది తీసేయమంటారు?’

పాత జిరాక్సులో తేదీ ఇంకోసారి చూసుకున్నాను. తర్వాత జవాబు రాశాను.

‘ఏదీ తీయకు నాయనా. రెండూ నిజమే.’